నాన్న చేతిలో చీపురు ఉండగానే ఫొటో తియ్యాలి

వాడలో ఏ ఇంటికైనా వెళ్ళి గోడ చూడండి. బాబాసాహెబ్ ఫొటో ఉంటుంది. కొన్ని ఇళ్ళల్లో ఏసుప్రభువు, కొన్ని ఇళ్ళల్లో ఎల్లమ్మ తల్లి. పక్కన పెళ్ళిఫొటో, డిగ్రీ గౌను వేసుకుని పిల్లాడు తీయించుకున్న ఫొటో. వీటన్నిటికీ పైన, ఎండిపోయిన దండతో ఆ ఇంటి పెద్దాయన ఫొటో. అదెక్కడిదని అడగండి. "రేషన్ కార్డు కోసం తీయించిందండీ, పోయాక పెద్దది చేయించాం" అంటారు. ముప్పై ఏళ్ళు మున్సిపాలిటీలో రోడ్లూడ్చి, కాలవలు తోడి, పిల్లల్ని చదివించిన మనిషికి మిగిలింది స్టూడియోలో నీలం తెర ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ ఒక్క ఫొటో. గుండీ మెడదాకా పెట్టుకున్నాడు. అదీ భుజాల దాకానే. ఆ ఇంటిని నిలబెట్టిన చేతులు అందులో పడలేదు.

అమ్మ సంగతి ఇంకా అన్యాయం. ఆమె ఫొటో అంటే ఆధార్ కార్డు మీద ఉన్నదే. అందులో ఆమెను ఆమె పిల్లలే గుర్తుపట్టలేరు.

అందుకని ఈ పక్షం మా మాట ఇదీ. ఇప్పుడు వాడలో ప్రతి ఇంట్లో కాకపోయినా ప్రతి నాలుగిళ్ళకొకటి కెమెరా ఉన్న ఫోను ఉంది. పని చేస్తున్న మన అమ్మానాన్నల్ని, వాళ్ళు పనిలో ఉండగానే ఫొటోలు తియ్యాలి. పని పోయాక, లేదా పని మానేశాక, ఆ పని వాళ్ళ ఒంట్లో మిగిల్చిపోయింది ఏమిటో అదీ తియ్యాలి. పేరూ తేదీ రాసి దాచుకోవాలి. ఇది మన సంఘాలు చెయ్యాల్సిన పని.

"భూమి లేదు, కూలి లేదు, కాంట్రాక్టు కార్మికులకు జీతాలు లేవు, మీరేమో ఫొటోలంటారేందయ్యా" అని కొందరు మిత్రులు నవ్వుతారు, తెలుసు. నవ్వండి. కాని ఒక్కసారి ఆలోచించండి. మన ఫొటోలు లేక కాదు గదా ఈ మాట అంటున్నది. మన ఫొటోలు నూటయాభై ఏళ్ళుగా తీస్తూనే ఉన్నారు. తీసిందెవరు, ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు అన్నదే అసలు లెక్క.

తెల్లదొరలు 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాల్లో ఈ దేశపు జనాన్ని కులాలవారీగా, తెగలవారీగా ఫొటోలు తీసి అచ్చేశారు. పాలించాలంటే ఎవడు ఎలా ఉంటాడో తెలియాలి కదా. మద్రాసు మ్యూజియం పెద్ద ఎడ్గార్ థర్స్టన్ మన మాలమాదిగల దాకా వచ్చాడు. ముక్కులు కొలిచాడు, పుర్రెలు కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు వేశాడు. అలాంటి పుస్తకాల్లో మనిషికి పేరుండదు. కులం పేరుంటుంది, అంతే. ఇంట్లో వాళ్ళు ఆయన్ని ఏమని పిలిచేవాళ్ళో, సాయంత్రం కూలి ఎంత ఇచ్చారో ఆ ఫొటో చెప్పదు.

దొరలు పోయాక పత్రికలు వచ్చాయి. కారంచేడులో 1985 జూలైలో ఆరుగురిని చంపాక మన ఫొటోలు మొదటి పేజీకి ఎక్కాయి. చుండూరులో 1991 ఆగస్టులో ఎనిమిది మందిని నరికి గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశాక మళ్ళీ ఎక్కాయి. ఆ ఫొటోలు రావాల్సిందే, రాకపోతే వాటిని కూడా కప్పెట్టేవాళ్ళు. కాని ఆ మనుషులు అంతకు నెల ముందు నాట్లేస్తున్నప్పుడు, కుప్ప నూరుస్తున్నప్పుడు, చదువుకుంటున్నప్పుడు ఏ పత్రికవాడైనా వచ్చాడా? మనం పేపర్లో పడాలంటే శవం కావాలి.

ఈ పద్ధతి మారిందనుకుంటే పొరపాటు. ఢిల్లీలో 2018 సెప్టెంబరులో ఒక కార్మికుడు మురుగు గొయ్యిలో చచ్చిపోయాడు. శ్మశానంలో ముఖం మీద గుడ్డ తొలగించి, ఆ ముఖాన్ని చేత్తో పట్టుకుని ఏడుస్తున్న పిల్లాడి ఫొటో దేశమంతా తిరిగింది. కొద్ది రోజుల్లోనే యాభై లక్షల రూపాయలకు పైన చందాలొచ్చాయి. ఇచ్చినవాళ్ళ మంచితనాన్ని మేము తప్పుపట్టం. కాని ఆ మనిషి అంతకు ముందు రోజు ఏ తాడు కట్టుకుని దిగాడో, అసలు తాడు ఉందో లేదో చూపించే ఫొటో ఒక్కటి ఊళ్ళో తిరిగి ఉంటే? అది ఎవరూ తియ్యలేదు. తీసినా ఎవరూ చూసేవాళ్ళు కాదేమో.

ఆ తర్వాత ఐదు నెలలకే, 2019 ఫిబ్రవరి 24న, ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్ళు కడిగాడు. ఆ ఫొటో కూడా దేశమంతా చూసింది. కాళ్ళు కడిగినాయన ఎటు చూస్తున్నాడో, కడిగించుకున్నవాళ్ళు ఎంత ముడుచుకుని కూర్చున్నారో ఆ ఫొటో తీసి మళ్ళీ ఒకసారి చూడండి. ఆ ఫొటో ఎవరి కోసం తీశారో అర్థమవుతుంది.

ఇక హాజరు ఫొటోల సంగతి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా రోజుకు రెండుసార్లు కూలీల్ని ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలని కేంద్రం తప్పనిసరి చేసింది. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలికి ఎసరు. ఎండలో అమ్మలందరూ వరసగా నిలబడి మేటు ఫోను కేసి చూసిన ఫొటోలు లక్షలకు లక్షలు. చివరికి ఏమైంది? 2025 జూలైలో ఆ శాఖ వాళ్ళే సర్క్యులర్ పంపి, పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారనీ, పాత ఫొటోనే మళ్ళీ ఫొటో తీసి పెడుతున్నారనీ ఒప్పుకున్నారు. మన అమ్మల ముఖాలు లక్షసార్లు తీసిన ఆ యంత్రం దగ్గర, మన అమ్మ గడ్డపార ఎలా పట్టుకుంటుందో తెలిపే ఫొటో ఒక్కటి ఉంటుందా? ఉన్నా, అది మనకిస్తారా?

అంటే కెమెరా ఎప్పుడూ ఎదటివాడి చేతిలోనే ఉంది. మనల్ని కొలవడానికి, లెక్కపెట్టడానికి, జాలిపడడానికి, వాళ్ళ గొప్ప చాటుకోవడానికి.

మరి మన చేతికి ఫోను వచ్చింది గదా, మనమెందుకు తియ్యటం లేదు? ఇక్కడ కొంచెం ఆగి నిజం మాట్లాడుకోవాలి. సిగ్గు. బడిలో "మీ నాన్న ఏం చేస్తాడురా" అంటే "మున్సిపాలిటీలో ఉద్యోగం" అని చెప్పి తల దించుకున్న పిల్లలు మనలో ఎంతమంది లేరు? రోడ్డు మీద చీపురుతో అమ్మ కనపడితే స్నేహితుల్ని పక్క సందులోకి మళ్ళించినవాళ్ళు ఎంతమంది లేరు? పిల్లల్నే అనడం దేనికి, తల్లిదండ్రులే దాస్తారు. బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర, అక్కడికి వలసపోయిన తెలుగు దళిత కుటుంబంలో 1966లో పుట్టాడు. తండ్రీ అన్నా అక్కడ పాకీ దొడ్లు ఎత్తిపోసే పని చేసేవాళ్ళు. ఆ పని ఏమిటో చిన్న కొడుక్కి తెలియకుండా ఇంట్లోవాళ్ళు చాలా ఏళ్ళు దాచారు. తెలిసిన రోజు, కళ్ళారా చూసిన రోజు, ఆయన కుప్పకూలి ఏడ్చాడని ఆయనే చాలాచోట్ల చెప్పాడు. ఆ ఏడుపు లోంచి సఫాయీ కర్మచారీ ఆందోళన పుట్టింది. 1993లోనే చట్టం వచ్చినా, మా రాష్ట్రంలో పాకీ దొడ్లు లేనే లేవని ప్రభుత్వాలు బుకాయిస్తుంటే, ఆందోళన వాళ్ళు ఊరూరా తిరిగి లెక్కలు రాసి, ఫొటోలు తీసి చూపించారు. 2003లో సుప్రీంకోర్టులో వేసిన కేసు 2014 మార్చి 27న తీర్పు దాకా వెళ్ళింది. దాచిన పనిని బయటపెట్టడం ఎంత పెద్ద పోరాటమో అర్థం కావడానికి ఇది చాలు.

సిగ్గు మన సొంత ఆస్తి కాదు. ఇంకొకళ్ళ మలం ఎత్తించినవాడికి ఉండాల్సిన సిగ్గును ఎత్తినవాడి నెత్తిన పెట్టింది కులం. విశాఖ వైపు రెల్లివాళ్ళు, హైదరాబాదులో మెహతర్లు, చాలా పట్టణాల్లో మాదిగలూ మాలలూ, నెల్లూరు గుంటూరు వైపు యానాదులు - ఊడ్చే పని ఈ కులాలకే ఎందుకొచ్చిందో ఏ మున్సిపల్ కమిషనరూ చెప్పడు.

తమ వాళ్ళను తామే ఫొటోలు తీసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ గురించి మన కార్యకర్తలు తెలుసుకోవాలి.

మదురైలో పళని కుమార్ అనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. తల్లి చేపలమ్ముతుంది. చేపల మార్కెట్లో తెల్లారకముందే సరుకు కొని, బుట్ట మోసి అమ్ముకునే ఆ తల్లిని కొడుకు ఫొటోలు తీస్తూ వచ్చాడు. తమిళనాట మురుగు గోతుల్లో చనిపోయిన కార్మికుల ఇళ్ళకు తిరిగాడు. 2017లో వచ్చిన 'కక్కూస్' డాక్యుమెంటరీకి కెమెరా పట్టింది ఆయనే. దయానితా సింగ్ పేరు మీద ఇచ్చే డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ అవార్డు మొదటిసారి, 2022లో, ఆయనకే వచ్చింది. అవార్డు కన్నా మాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకూ, మత్స్యకారుల పిల్లలకూ ఆయన ఫొటో తియ్యడం నేర్పుతున్నాడు.

బొంబాయిలో సుధారక్ ఓల్వే 1990ల చివర్లో మున్సిపాలిటీ కచరా కార్మికుల వెంట పడ్డాడు. చెత్త లారీల మీద, మ్యాన్‌హోళ్ళ దగ్గర, ఆ తర్వాత వాళ్ళ ఇళ్ళల్లో. అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది దళితులే. 2016లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. బొంబాయి కార్మికుల బతుకులో ఒక మెలిక ఉంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే మున్సిపాలిటీ క్వార్టరు. తండ్రి రిటైరైనా, చచ్చిపోయినా గది ఖాళీ చెయ్యాలి. గది నిలబెట్టుకోవాలంటే కొడుకో కోడలో ఆ చీపురు అందుకోవాలి. బికాం చదివినా సరే. తండ్రి ఉద్యోగం అయిపోయిన రోజే కొడుకు ఉద్యోగం మొదలు. ఆస్తిగా వచ్చేది చీపురే.

ఇప్పుడు అమెరికా సంగతి. నల్లవాళ్ళ పోరాటానికీ మన పోరాటానికీ చుట్టరికం కొత్తది కాదు. బొంబాయిలో 1972లో దళిత పాంథర్లు పేరు పెట్టుకున్నదే వాళ్ళను చూసి. 1942లో గార్డన్ పార్క్స్ అనే నల్ల కుర్రాడు వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఫొటోగ్రఫీ విభాగంలో చేరాడు. చేరిన కొత్తలోనే హోటల్లో అన్నం పెట్టలేదు, బట్టల షాపులో కోటు అమ్మలేదు, సినిమాహాల్లోకి రానివ్వలేదు. మన వాడవాళ్ళకు ఇది విడమర్చి చెప్పాలా? ఆయన పై అధికారి, ఈ ఆఫీసు ఊడ్చే ఆమె ఒకామె ఉంది, ముందు ఆమెతో మాట్లాడు అన్నాడు. ఆమె పేరు ఎల్లా వాట్సన్. తండ్రిని తెల్లమూక కొట్టి చంపింది. భర్త తుపాకి తూటాకు పోయాడు. పోయిన కూతురి పిల్లల్ని సాకుతోంది. ఏడాదికి జీతం 1,080 డాలర్లు. పార్క్స్ ఆమెను అమెరికా జెండా ముందు నిలబెట్టి, ఒక చేతికి చీపురిచ్చి, పక్కన తడిగుడ్డ కర్ర పెట్టి ఫొటో తీశాడు. ఇది బయటికొస్తే మన ఉద్యోగాలు ఊడతాయి అన్నాడట అధికారి.

అందరికీ తెలిసిన ఫొటో అదొక్కటే. మాకు దానికన్నా తర్వాతివి ముఖ్యం. ఆయన జెండా ఫొటోతో ఆగిపోలేదు. వారాల తరబడి ఆమె వెంట ఉన్నాడు. రాత్రిపూట ఖాళీ ఆఫీసుల్లో ఊడవడం, ఇంట్లో మనవళ్ళకు అన్నం పెట్టడం, చర్చిలో మోకరిల్లడం, మంచం పక్కన బల్ల మీద సర్దుకున్న దేవుడి బొమ్మలు - అన్నీ తీశాడు. చీపురు పట్టిన మనిషికి ఒక ఇల్లూ, ఒక భక్తీ, ఒక అలసటా ఉంటాయని ఆ ఫొటోలన్నీ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

అదే దేశంలో బ్రాడాక్ అనే ఉక్కు ఊళ్ళో 1982లో పుట్టిన లటోయా రూబీ ఫ్రేజియర్ తన అమ్మమ్మనూ తల్లినీ పన్నెండు పదమూడేళ్ళ పాటు ఫొటోలు తీసింది. కార్నెగీ 1875లో పెట్టిన ఉక్కు ఫ్యాక్టరీ ఊరు అది. పనులు పోయాయి, కొట్లు మూతపడ్డాయి, 2010లో ఉన్న ఒక్క పెద్దాసుపత్రీ మూసేశారు. మిగిలింది పొగా, రోగాలూ. ఆమె పుస్తకం 2014లో వచ్చింది. ఆ పుస్తకంలో కూతురు తల్లిని తీసిన ఫొటోలతో పాటు తల్లి కూతుర్ని తీసినవీ ఉన్నాయి. కెమెరా ఇద్దరి చేతుల్లో తిరిగింది. చదువుకుని పైకొచ్చిన మన పిల్లలు ఇది గమనించాలి.

పని అయిపోయాక ఏమవుతుంది? ఇక్కడే మన దగ్గర అసలు చీకటి.

ఆఫీసరు రిటైరైతే శాలువా, దండ, టిఫిన్లు, గ్రూపు ఫొటో. పర్మనెంటు కార్మికుడికైతే ఆ గ్రూపు ఫొటోలో చివరి వరసలో చోటు. కాంట్రాక్టు కార్మికుడికి, అవుట్‌సోర్సింగు కార్మికురాలికి రిటైర్మెంటు అనే రోజే ఉండదు. మోకాళ్ళు పట్టేసి పది రోజులు రాకపోతే పదకొండోనాడు మస్టరులో పేరుండదు. "రేపటి నుంచి రావద్దులే అమ్మా" అని మేస్త్రీ అంటాడు. ఇరవై ఏళ్ళ పని అలా ఒక్క మాటతో అయిపోతుంది. కాంట్రాక్టరు పీఎఫ్ సక్రమంగా కట్టి, పదేళ్ళ సర్వీసు లెక్క తేలితే పింఛను. ఆ పింఛనుకు 2014 సెప్టెంబరులో కేంద్రం పెట్టిన కనీసం నెలకు 1,000 రూపాయలు. ఆ వెయ్యి కోసం కూడా ఏటేటా బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. వేలిముద్ర పడదు, చీపురు కర్రకు వేళ్ళు అరిగిపోయాయి గదా. తర్వాత ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చన్నారు. అంటే ప్రభుత్వానికి ఆ ముసలి ముఖం ఫొటో ఒక్కందుకే కావాలి, ఇంకా చచ్చిపోలేదు కదా అని.

సింగరేణిలో ఇంకో రకం. భూగర్భ గనిలోకి అగ్గిపెట్టె, బీడీ పోనివ్వరు, గ్యాసు అంటుకుంటుందని. మామూలు ఫోను కూడా లోపలికి రాదు. అందువల్ల కోల్ ఫిల్లరుగా తట్ట మోసిన తండ్రి లోపల ఎలా వంగి నడిచాడో చూపే ఫొటో ఏ కార్మికుడి ఇంట్లోనూ ఉండదు. దిగేముందు తీసింది, పైకొచ్చాక ముఖం నల్లగా ఉండగా తీసింది, అంతవరకే మన చేతిలో ఉంది. అదైనా తియ్యాలి. ఎందుకంటే తర్వాతి అంకం దారుణం. కొడుక్కి కారుణ్య నియామకం రావాలంటే మెడికల్ బోర్డు తండ్రిని అన్‌ఫిట్ అని రాయాలి. నీ ఒళ్ళు చెడిపోయిందని డాక్టరు రాస్తే ఇల్లు పండగ చేసుకోవాల్సిన గతి ఏ ఆఫీసరు కొడుక్కైనా పట్టిందా?

అందుకే పని మానేశాక తీసే ఫొటోలకు మేము అంత విలువ ఇస్తున్నాం. పని లేకపోయినా తెల్లవారుజామున నాలుగింటికే లేచి గుమ్మంలో కూర్చునే అమ్మ. మందుల డబ్బా. ఈఎస్ఐ కార్డు. అరికాలి పగుళ్ళు. చర్మం పొలుసులు రాలుతున్న ముంజేతులు. మూల నిలబెట్టిన పాత చీపురు, దాన్ని పారెయ్యనివ్వదు ఆమె. పని మానేసిన నెలలో ఒక ఫొటో, ఏడాది తర్వాత అదే గుమ్మంలో ఇంకో ఫొటో. రెండూ పక్కపక్కన పెట్టండి, ఆ ఏడాదిలో ఏం జరిగిందో కలెక్టరుకు అర్జీలో రెండు పేజీలు రాయక్కర్లేదు.

పనిలో ఉన్నప్పుడు తీసే ఫొటో నోటికాడ కూటికి కూడా పనికొస్తుంది. చూడండి. 2014 తీర్పులో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు గోతుల్లో చనిపోయిన ప్రతివాళ్ళ కుటుంబానికీ 10 లక్షలివ్వాలంది. 2023 అక్టోబరు 20న ఇంకో తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. తీర్పు బాగానే ఉంది. కాని చావు జరిగిన గంటలోనే కాంట్రాక్టరు ఏమంటాడు? "వీడు మా మనిషి కాదు, ఎవరో పిలిస్తే వచ్చాడు." హాజరు పుస్తకం వాడి దగ్గరే, సూపర్‌వైజరు వాడి బామ్మర్దే. అప్పుడు ఆ మనిషి అంతకుముందు అదే కాంట్రాక్టరు బండి పక్కన, బండి నంబరు కనపడేట్టు, అదే జాకెట్ వేసుకుని నిలబడ్డ ఫొటోలు నాలుగు నెలలవి నాలుగుంటే వాడి నోరు మూతపడుతుంది. గ్లౌజులు ఇచ్చారా లేదా, బూట్లు ఇచ్చారా లేదా అన్నదానికీ ఇదే సాక్ష్యం.

దీనికి కొన్ని కిటుకులు తెలియాలి. తీసిన ఫోనులోని అసలు ఫొటో చెరపకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, ఎప్పుడు తీసిందీ వివరం ఎగిరిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు పోతుంది. ముఖం తెల్లగా చేసే ఫిల్టర్లు వెయ్యొద్దు, కోర్టు మాట అటుంచి, మన అమ్మ రంగు మనకేం తక్కువ? ఫోను ఎప్పుడైనా నీళ్ళలో పడొచ్చు, కిస్తీ కట్టకపోతే ఎత్తుకుపోవచ్చు. ముఖ్యమైనవి కడిగించి కాగితం మీద పెట్టుకోండి, వెనకాల పెన్సిలుతో పేరు, ఊరు, చేసే పని, తేదీ రాయండి. పెన్నుతో రాస్తే సిరా ముందువైపుకు ఊరుతుంది. కోర్టుకు ఇవ్వాల్సి వస్తే ఫోను ఫొటోతో పాటు ఒక సర్టిఫికెట్ జత చెయ్యాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షను అది. మన వకీలు మిత్రుల్ని అడగండి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎవరైనా గొయ్యిలోకి దిగుతుంటే ఫొటో కోసం నిలబడొద్దు. అడ్డం పడండి. సరైన రక్షణ లేకుండా మురుగు గోతిలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, దింపినవాడికి మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు. లోపల పడిపోయినవాణ్ణి లాగుదామని వెనకాలే దూకొద్దు. రెండో మనిషి, మూడో మనిషి చచ్చేది అలాగే, గ్యాసుకు అన్నా తమ్ముడా తెలియదు. ఫైరింజన్‌కు ఫోను చెయ్యండి. ఫొటో తర్వాత.

ఇంకో మాట, అమ్మను అడక్కుండా తియ్యొద్దు. "ఇప్పుడొద్దురా, ఒళ్ళంతా మురికి, ముఖం కడుక్కొచ్చాక తియ్యి" అంటే ఆ ఫొటో తియ్యండి. చీర మార్చుకుని, బొట్టు పెట్టుకుని నిలబడాలని ఆమెకుంటే అదీ ఆమె హక్కే. కొన్నాళ్ళకు ఆమే "ఈ పూట పనిలోకి రారా, చూద్దువుగాని" అంటుంది. తట్ట ఎలా ఎత్తుకుంటుందో, ఎవరింటి ముందు నీళ్ళు అడిగితే పైనుంచి దోసిట్లోకి ఎత్తి పోస్తారో, టీ కొట్టు బయట ఎక్కడ నిలబడాలో ఆమే చూపిస్తుంది. పని పోయే ప్రమాదం ఉంటే ఆ ఫొటోలు ఎవరికీ చూపించొద్దు, స్టేటస్‌లో అసలే పెట్టొద్దు. మేస్త్రీ కూడా మన వాడ ఫోనుల్లోనే ఉంటాడు. మలంలో, మురుగులో మునిగిన మనిషిని దగ్గరగా తీసి, పేరు లేకుండా, నాలుగు కన్నీటి ముక్కలు రాసి పంచే ఫొటోలు మాకు వద్దు. అలాంటివి సంస్థల పుస్తకాల్లో చాలా ఉన్నాయి, వాటి మీద విరాళాలొచ్చాయి. ఫొటోలో ఉన్న మనిషికి ఆ పుస్తకం కాపీ అయినా అందిందో లేదో అనుమానమే.

వచ్చే సంచిక నుంచి లోపలి అట్ట మీద ఒక పేజీ దీనికే కేటాయిస్తున్నాం. ఒక మనిషివి రెండు ఫొటోలు వేస్తాం, పనిలో ఒకటి, పని తర్వాతో ఇంటి దగ్గరో ఒకటి. ఆ మనిషి తన పని గురించి చెప్పిన మాటలు చెప్పినట్టే, యాసతో సహా, రాసి పంపండి. దిద్దం. పేరు వెయ్యమంటే వేస్తాం, వద్దంటే ఊరు కూడా వెయ్యం. అసలు కాగితాలు మాకు పంపొద్దు, కాపీలే పంపండి, అసలువి ఇంట్లోనే ఉండాలి. వెనకాల పెన్సిలుతో రాసింది కూడా కాపీ తీసి పంపడం మరిచిపోవద్దు.